మంచానికి గడి లేదు

సిరొంచ సబ్‌డివిజన్ ఆఫీసుల
ఢిల్లీ పైసలు వస్తున్నయని ముందుగాల చెప్పింది
జిరాక్స్ మిషనే.
పొద్దుగాల పది నుంచి దానికి సుస్తి లేదు.
దేశంల పనులు సన్నగిల్లినయట,
జనం చేతుల్ల పైసలాడాలెనట,
నూటిరవై రోజులల్ల పని షురువయ్యే రోడ్లు
ఎన్నుంటే అన్ని రాసి పంపుమన్నరు.
భూమి చేతిల ఉండాలె, అడవి అనుమతి ఉండాలె,
నక్షా గీసి ఉండాలె.
గసుంటియే రాయాలె.

నేను ట్రేసర్‌ను. ఇరవై రెండేండ్ల సంది
మరాఠీల రాసుకుంట, తెలుగుల తిట్టుకుంట,
గోండుల దారి అడుక్కుంట
ఈ తాలూకా గీతలు గీస్తున్న.
సిద్ధంగున్న రోడ్లేవో నాకెరుకే.
రెస్టుహౌసు ముంగటి రోడ్డు సిద్ధం.
పోయినేడు ఏసిందే, అయినా సిద్ధం.
ఎప్పుడు చూసినా పెండ్లికొడుకు లెక్క
తయారై కూసుంటది.

గొల్లవాగు సిద్ధంగ లేదు.
దాని ఫైలు ఇప్పితే నా రాతే కనవడ్డది:
బండ్ల గణన, ఆగస్టు, మూడు దినాలు.
లారీలు సున్న. బస్సులు సున్న.
జీపులు, మోటరు సైకిళ్లు, ఎడ్లబండ్లు
సున్న, సున్న, సున్న.
వంతెన లేక బండి రాదు,
బండి రాక వంతెన రాదు.
కింద నా సంతకం, ముత్యమసొంటిది.

ఆ మూడు దినాలు గట్టుమీద
గొడుగు కింద కూసున్నది నేనే.
రెండోనాడు, పొద్దు నడినెత్తికి వచ్చినంక,
ఆవలి ఒడ్డుకెల్లి నలుగురు మంచం మోసుకొచ్చిన్రు.
మంచంల ఆత్రం సోమిబాయి, నొప్పులతోని.
వాగు రొమ్ములదాక ఉన్నది,
మంచాన్ని నెత్తికెత్తుకున్నరు.
ఒకడు కేకేసిండు:
“సారూ, ఆ కాయితం ఆడ పెట్టి ఓ చెయ్యెయ్యి!”
ఏసిన.
ఆమె నా అంగీ గుంజి పట్టుకున్నది.
పైగుండీ తెగి వాగుల పడ్డది.
ఈవలి ఒడ్డున ఏ బండీ లేదు, ఎందుకుంటది?
దవాఖాన దాక పదకొండు కిలోమీటర్లు
మంచం అట్లనే నడిచిపోయింది.
నేను మల్ల గొడుగు కిందికొచ్చి
తడిచేతులు తుడుచుకొని ఫారం తీసిన.
మంచానికి గడి లేదు.
సున్న రాసిన.

ఆ పిల్లగాడు ఇప్పుడు బడికి పోతున్నడు.
వాగు దిగినప్పుడే పంతులొచ్చే బడి.
తల్లిని నేను మల్ల చూడలే.
అడుగుదమని రెండుమార్లు పోయి
వేరే ముచ్చట మాట్లాడి వచ్చిన.

లిస్టు ఆఖరి దినం రాత్రి కరెంటు పోయింది.
సెల్లు దీపం పండ్ల నడుమ పట్టుకొని
పంతొమ్మిదో నంబరు కాడ రాసిన:
‘గొల్లవాగు మీది పాత కల్వర్టుకు మరమ్మతు.’
మరమ్మతంటే అడవోళ్లు అడ్డం రారు.
ఉన్నదానికి భూమి అడగరు.
ఎన్నడూ లేని కల్వర్టును ఆ రాత్రి గీసిన,
రెండు తూములు, ఒరిగిన గోడ,
గోడకు పగుళ్లు,
పగుళ్లల్ల నాచు.
ఇరవై రెండేండ్లల్ల
ఇంత నిజంగ ఏదీ గీయలే.

పొద్దున సోన్‌టక్కే సాబు లిస్టు చూసిండు.
నాగపూరు మనిషి, కొత్తగొచ్చిండు, చెడ్డోడు కాదు.
ఏలు పంతొమ్మిది మీద ఆగింది.
“ఈడ కల్వర్టున్నదా?” మరాఠీల అడిగిండు.
“కూలింది సాబ్.”
“ఎప్పుడు?”
గణన రెండోనాటి తారీఖు చెప్పిన.
ఆయన నన్ను చూసిండు, నక్షా చూసిండు,
నాచును జరసేపు ఎక్కువ చూసిండు.
“గీత బాగున్నది,” అన్నడు.

సంతకం పెట్టిండో, కొట్టేసిండో తెల్వదు.
లిస్టు గడ్చిరోలి బస్సెక్కింది,
డ్రైవరెనుక, మిర్చిబస్తా మీద.
దారంత తుమ్ములే అయ్యుంటయి.

మిరుగు నాడు ప్రాణహిత దిక్కు మబ్బు పట్టింది.
రెస్టుహౌసు ముంగట రోలర్ తిరుగుతున్నది,
నల్లదాని మీద ఇంకింత నల్లగ.
సాబు నన్ను లోపలికి పిలిచిండు.
“ఆ కూలిన కల్వర్టు చూద్దాం,” అన్నడు,
“జీపు తియ్యుమను.”

“జీపు ఈ ఒడ్డు దాకనే సాబ్,” అన్న.